ధనుంజయ్ బండి మైలేజీ

బోధన్ పికప్ అడ్డా మీద ధనుంజయ్ చెప్పే మాటల్ని బస్తాలకెత్తితే పది టైర్ల లారీ కూడా వాటిని మోయలేక చతికిలబడుతుంది. సొంతూరు ఎడపల్లి. వానాకాలంలో మునిగిన కల్వర్టు మీదుగా బండి పోనిస్తే బానెట్ కింద రెండు కొర్రమీనులు చిక్కాయని, ఇల్లు చేరేసరికి ఇంజన్ వేడికి అవి చక్కగా వేగి ఉన్నాయని చెబుతాడు. వినేవాళ్లు నమ్మరు. ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడుగుతారు. అంతవరకూ ఎవరికీ నష్టం లేదు.

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అడ్డాకు చెరకు లోడ్లు పోయాయి. అప్పటి నుంచి పసుపు సీజన్‌లో డ్రైవర్లంతా నందిపేట్ వైపు వెళ్లి, అక్కడి రైతుల పసుపును నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతున్నారు. అంత దూరం ఖాళీగా పోయి లోడు ఎత్తుకోవాలి. కాబట్టి మైలేజీ ఇచ్చే బండి ఇంటిని సాకుతుంది, ఇయ్యనిది పెట్రోల్ బంకును సాకుతుంది.

ధనుంజయ్ బండి ముసలిది. లోడు మీద రొప్పేది. దసరా వెళ్లాక దాన్ని నిజామాబాద్‌లో జలీల్ భాయ్ షెడ్డుకు తీసుకుపోయాడు.

"పవర్ కావాల్నా, మైలేజ్ కావాల్నా తమ్మి?" అన్నాడు జలీల్.

"రెండూ గావాలె భాయ్."

"రెండు ఒక్క బండిల కూసోవు. మైలేజ్ అంటవా, ఇంజెక్టర్లు సాఫ్ చేపిచ్చుకో. టైర్లల్ల గాలి సరిగ పెట్టుకో. క్యాబిన్ మీద గా ఇనుప జంగ్లా, గా నాలుగు హారన్లు పీకేయ్. గాలికి అడ్డం పడుతున్నయి."

మీసం తీసేయమన్నట్టు అనిపించింది ధనుంజయ్‌కి. టైర్లలో గాలి నింపించుకున్నానని అడ్డా మీద ఎవడైనా గొప్పగా చెప్పుకుంటాడా? ఫోన్‌లో చూసిన వీడియోలన్నీ తలుచుకుని, ఇంజన్‌కి డీజిల్ ఎక్కువ పోయించే ట్యూనింగ్ బాక్సు, వెడల్పాటి టైర్లు, గొంతు విప్పి అరిచే సైలెన్సర్ ఎంచుకున్నాడు. క్యాబిన్ మీది జంగ్లా చట్రాన్ని మాత్రం కదపనివ్వలేదు. జలీల్ అడిగినవి బిగించి ఇచ్చాడు.

పవర్ వచ్చింది, అందులో అబద్ధం లేదు. నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే వెనక నల్లటి పొగ, ముందు ధనుంజయ్ పళ్లు. కానీ లీటరుకు పదమూడు కిలోమీటర్లు ఇచ్చే బండి పదికి దిగింది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని బోధన్ బంకుల్లో డీజిల్ పోయించడం మానేసి, మొహం గుర్తుపట్టని నిజామాబాద్ బంకులకు వెళ్లేవాడు. అడ్డా మీద మాత్రం పదిహేడు అన్నాడు. వారం తిరక్కుండానే పంతొమ్మిది అన్నాడు.

"ఇంకో వారం ఆగితే బంకోనికి నువ్వే డీజిల్ అమ్ముతవు గదరా," అన్నాడు పక్క బండి నాగేందర్. అందరూ నవ్వారు.

ఆ నవ్వు నందిపేట్‌లో ఆగిపోయింది. మొదటి లోడు ఎత్తకముందే రైతులు, డ్రైవర్లు టీ హోటల్లో కూర్చుని సీజన్ మొత్తానికి కిరాయి మాట్లాడుకోవడం అక్కడి రివాజు. ఒకసారి మాట పడిందంటే యార్డులో పసుపు అయిపోయేదాకా అదే. డ్రైవర్ల తరఫున నాగేందర్ అందుకున్నాడు.

"డీజిల్ పిరమైంది పటేలా. ఈయేడు కిరాయి పెంచాలె."

రైతుల తరఫున భూమన్న పటేల్ సాసర్‌లో టీ ఊదుకుంటూ, "డీజిల్ పెరిగింది నిజమే, తాగుడు తగ్గింది గద. మన ధనుంజయ్ బండి పంతొమ్మిది ఇస్తున్నదంట. ఏం ధనుంజయ్, నిజమేనా?" అన్నాడు.

డ్రైవర్లందరూ అతనివైపు తిరిగారు. ఉత్తదే పటేలా, అనాలి. అంతే. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ అంటే ట్యూనింగ్ బాక్సు పెట్టించి మైలేజీ పోగొట్టుకున్న సంగతీ బయటపడుతుంది.

"నిజమే పటేలా," అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఎదురుగాలి లేకుంటె ఇరవై."

కిరాయి పోయినేడు కంటే కిందికి దిగింది. "ఒక్కని బండి ఇయ్యంగ మీకేమైంది? మీరు గూడ గదే పెట్టిచ్చుకోర్రి," అని భూమన్న లేచాడు.

బయట నాగేందర్ ధనుంజయ్ బండి తలుపు పట్టుకున్నాడు. "నిజంగ ఎంతిస్తుందిరా?"

"పది."

నాగేందర్ కేకలెయ్యలేదు. "నడువు. గా మాట లోపలికొచ్చి పటేల్‌కు చెప్పు."

"రేపు చెప్త అన్నా."

రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు. లోడ్లు మొదలయ్యాయి. వచ్చే కిరాయి డీజిల్‌కు సరిపోక ఒక్కొక్క బండీ వెనక్కి తిరిగింది. అడ్డా మీద ధనుంజయ్ వస్తే బెంచీ ఖాళీ అయ్యేది. వంతు వచ్చినా అతని పేరు ఎవరూ పిలిచేవారు కాదు. చివరికి ఒక పొద్దున తనే వెళ్లి నాగేందర్ ముందు నిలబడ్డాడు. "దా అన్నా. చెప్త."

ఇద్దరూ ఎవరి బండిలో వాళ్లు భూమన్న కల్లానికి వెళ్లారు. బండ్లు ఆగగానే హమాలీలు పసుపు బస్తాలు తూచి ధనుంజయ్ బండికి ఎక్కించసాగారు. అతను తల వంచుకుని చెప్పేశాడు. "బండి పంతొమ్మిది ఇస్తలేదు పటేలా. పదే. నేను ఉత్తగ అన్న."

పుట్టి బుద్ధెరిగాక పదిమందిలో ఉన్నదున్నట్టు అంకె చెప్పడం అతనికి అదే మొదలు. భూమన్న నవ్వాడు.

"అడ్డా మీద నిన్ను కూసోనిస్తలేరని నాకు తెల్వదా? అందరు గల్సి బెదిరిచ్చి చెప్పిపిస్తున్రు."

"ఒట్టు పటేలా."

"నేను నీ బండ్ల కూసోలేదా? నిండు లోడుతోని మాక్లూర్ గడ్డ ఎట్ల ఎక్కిందో నా కండ్లతోని సూసిన."

"గది పవర్ పటేలా. పవర్ వేరు, మైలేజ్ వేరు."

జలీల్ చెప్పిన మాటే. తన నోట వినబడేసరికి తనకే అబద్ధంలా తోచింది. భూమన్న భుజం తట్టి, "మంచోనివి. దోస్తుల కోసం నీ బండికే చెడ్డపేరు తెచ్చుకుంటున్నవు," అన్నాడు.

నాగేందర్ ఖాళీ బండి తిప్పుకుని బోధన్ దారి పట్టాడు. ధనుంజయ్ వైపు చూడనైనా లేదు.

భూమన్న హమాలీల వైపు తిరిగాడు. "వేరే బండ్లు వచ్చేటట్టు లేవు. ధనుంజయ్ బండ్లనే ఇంకో ఆరు బస్తాలు ఎక్కియ్యుండ్రి. గుంజుతది."

బస్తా మీద బస్తా పడుతుంటే వెనక చక్రాల మీది కమాన్ పట్టీలు మూలుగుతూ వంగాయి. ధనుంజయ్ వద్దనలేదు. తాడు అందుకుని లోడు కట్టుకోసాగాడు.