మిల్లు వెనక దండోరా

నా చిన్నప్పుడు మా పంచాయతీలో ఒక ఉద్యోగం ఎలా భర్తీ అయిందో రాసిపెట్టకపోతే, మొన్న ఊరి మొదట్లో కట్టిన ఆర్చీ మీది మాటే నిజమైపోతుంది. దాని మీద అప్పటి ప్రెసిడెంటు గారిని 'నిష్పక్షపాతి' అని చెక్కించారు. చదివి ఒళ్ళు మండింది. నేను పెద్ద చదువులు చదవలేదు. నాకు వచ్చిందంతా లైబ్రరీ బెంచీ మీద నేర్చుకున్నదే. ఇది చూసిందీ అక్కడి నుంచే.

చల్లపల్లి పక్కన మా ఊరు. డెబ్బైల నాటి సంగతి. పంచాయతీకి గుమాస్తా కావలసి వచ్చింది. ఆ కుర్చీ తన మేనల్లుడికని ప్రెసిడెంటు గారు ముందే అనుకున్నారు. కానీ రూలు ప్రకారం దండోరా వేయించాలి, నోటీసు రెండు చోట్ల అంటించాలి. వేయించారు, తన రైసుమిల్లు ఆడుతుండగా దాని వెనక. డప్పు కొట్టిన తాతకే తన డప్పు వినపడలేదట. ఆఫీసులో నోటీసు అంటించారు, బీరువా తలుపుకి లోపలివైపు. రెండోది లైబ్రరీకి పంపి, గోడకు వద్దు, ఫైల్లో పెట్టుకోమని బంట్రోతు చేత చెప్పించారు.

పక్కింటి అక్క పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసై, గవర్నర్‌పేటలో టైపు నేర్చుకుని వచ్చింది. తండ్రి లేడు. ఉద్యోగం లేకపోతే తల్లితో పాటు నాట్లకు పోవడమే.

రోజూ సాయంత్రం లైబ్రరీ అరుగు మీద ఎవరో ఒకరు పేపరు పైకి చదవడం మా ఊరి అలవాటు. ముందు కుర్చీ ప్రెసిడెంటు గారిది. ఆ రోజు లైబ్రేరియన్ గారు పేపరు నా చేతికిచ్చారు. పేజీల మధ్య ఒక టైపు కాగితం ఉంది. పదేళ్ళదాన్ని, అదీ వార్తే అనుకుని గొంతెత్తి చదివేశాను. గ్రామ పంచాయతీ గుమాస్తా పోస్టుకు అర్జీలు కోరడమైనది...

"ఏయ్ పిల్లా, ఆపు! అది పేపర్లోది కాదు," అని కసిరారు ప్రెసిడెంటు గారు.

"పేపర్లోనే ఉందిగా అండీ," అన్నారు లైబ్రేరియన్ గారు. "ఆఖరు తేదీ దాకా చదువమ్మా."

ఆఖరు తేదీ మర్నాడే!

"దండోరా వేయించాంగా! చెవుల్లో ఏం పెట్టుకున్నారు అందరూ?"

"మీ మిల్లు ఊకండీ," అన్నాడు వెనక నుంచి ఒక రైతు. అరుగంతా నవ్వింది. అరుగు చివర కూర్చున్న అక్క అప్పటికే అర్జీ రాయడానికి లేచి వెళ్ళిపోయింది.

ఇంటర్వ్యూ నాడు జనం ఆఫీసు తలుపు వేయనివ్వలేదు. కిటికీల నిండా తలకాయలే. అక్క చెప్పిందల్లా తప్పులేకుండా టైపు కొట్టింది. మేనల్లుడు మిషన్లోకి కాగితం ఎక్కించలేక చెమటలు కక్కాడు. అయినా ఉద్యోగం అతనికే ఇచ్చారు. నెల తిరక్కుండా, లైబ్రరీ ఉన్నది తన గదిలోనే కాబట్టి, ప్రెసిడెంటు గారు దాన్ని ఖాళీ చేయించారు. పుస్తకాలు గొడ్లసావిట్లోకి మోశాం.

"ఇంత చేసి ఏం ఒరిగింది సార్?" అని లైబ్రేరియన్ గారి దగ్గర ఏడ్చాను.

"చాటుగా చేద్దామనుకున్నారు. ఊరందరి ముందూ చేయాల్సొచ్చింది. ఆ కళ్ళను ఇక రోజూ చూడాలి కదమ్మా."

మేనల్లుడు అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఎండాకాలంలో కూడా కిటికీ మూసుకునే కూర్చున్నాడు.

మిల్లు వెనక జరిగింది దాచకుండా చెప్పిన డప్పు తాతకు, నా చేతికి ఆ కాగితం అందించిన లైబ్రేరియన్ గారికి దణ్ణం పెడుతున్నాను. బందరులో టైపిస్టుగా చేసి రిటైరై, ఇప్పుడీ పేజీలు టైపు చేసిపెట్టిన పక్కింటి అక్కకు ఎంతో రుణపడి ఉన్నాను. ఆర్చీ కట్టించినవాళ్ళకు మాత్రం నా దగ్గర ఒక్క మంచి మాటా లేదు. ఇప్పటికీ ఏ ఆఫీసు గోడ మీద నోటీసు కనపడినా నేను మనసులో చదువుకోను. పక్కన ఎవరున్నా లేకపోయినా, ఆఖరు తేదీ దాకా పైకే చదువుతాను.