వరప్రసాదం మాస్టారి తల

రేపల్లె వరప్రసాదం మాస్టారు చర్చిలో ప్రభు సంస్కారం వేళ, రొట్టె, ద్రాక్షారసం పంచుతుండగా, అయ్యగారి కాలు పట్టుకున్నారు. భక్తితో కాదు. మోకరించినవాళ్ళ ముందునుంచి పాస్టరు అయ్యగారు ద్రాక్షారసం గిన్నెతో వరసగా నడిచొస్తుంటే, కబడ్డీలో కూతకొచ్చిన ఆటగాడనుకుని చీలమండ దగ్గర ఒడిసి పట్టారు. ద్రాక్షారసం తెల్ల అంగీ మీద ఒలికింది. అయ్యగారు మాత్రం పడలేదు. ఆ పట్టుకి పడకుండా నిలబడ్డ మొదటి మనిషి ఆయనేనని వెనక బెంచీల్లో మెచ్చుకున్నారు.

మాస్టారు ముప్పై ఏళ్ళు కబడ్డీ ఆడారు. కూతకొచ్చినవాడి కాళ్ళకి అడ్డంపడి ఆపడం ఆయన పని. అందులో అవతలివాడి మోకాలు తలకి తగలడం మామూలే. లేచి, మొహాన నీళ్ళు కొట్టుకుని, మళ్ళీ ఆటలోకి దిగేవారు. తర్వాత చర్చి ఆడపిల్లల జట్టుకీ అదే నేర్పారు.

కాలు పట్టిన సంగతి అయ్యాక భార్య మాణిక్యమ్మ ఆయన్ని తెనాలిలో నరాల డాక్టరుకి చూపించింది.

"తలకి ఎన్నిసార్లు తగిలిందండీ?"

"లెక్కెట్టలేదండి. పాయింట్లే లెక్కెట్టుకునేవాణ్ణి."

ఒక్క దెబ్బతో వచ్చేది కాదనీ, ఏళ్ళ తరబడి తగిలి తగిలి మెదడు నలిగిందనీ, బతికుండగా రూఢిగా తేల్చే పరీక్ష లేదుగానీ లక్షణాలు అవేననీ డాక్టరు చెప్పారు. నయమయ్యేది కాదట.

సంఘ పెద్దలు జట్టుని వేరేవాళ్ళకి అప్పగించబోయారు. ఆ జట్టు తప్ప మాస్టారికి వేరే లోకం లేదు. మాణిక్యమ్మ వెళ్ళి బతిమాలింది.

"సరేనమ్మా, బాపట్లలో కప్పు కొడితే ఆయన్నే ఉండమందాం" అన్నారు పెద్దలు.

బాపట్ల ఫైనల్లో మనవాళ్ళే రెండు పాయింట్లు ముందున్నారు. కూతకెళ్ళిన ప్రశాంతికి, జట్టులోకెల్లా మేటి పిల్లకి, తలకి అవతలిపిల్ల మోకాలు గట్టిగా తగిలింది. పడింది, లేచింది, మొహాన నీళ్ళు కొట్టుకుని మళ్ళీ వెళ్ళబోయింది. మాస్టారు చెయ్యి పట్టుకుని బయటికి లాగారు.

"నాకేం కాలేదు సార్! లేచి ఆడమనేది మీరే కదా?"

"ఎవడన్నాడే? కూర్చో."

"మీరేనండి!"

"అయితే మర్చిపోయాలే. కూర్చో."

ప్రశాంతి లేని జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడింది. "మతి సరిగా లేదని తెలిసీ ఒప్పుకున్నాం, తప్పు మాదే" అంటూ పెద్దలు అక్కడికక్కడే ఆయన్ని తప్పించారు.

తిరుగు ప్రయాణంలో, బస్సు చెరుకుపల్లి దగ్గరుండగా మాస్టారు పక్కనున్న మాణిక్యమ్మని మూడోసారి అడిగారు. "గెలిచామా?"

"ఓడామండి. మిమ్మల్ని తీసేశారు కూడా."

"ప్రశాంతి ఏదీ?"

"వెనక సీట్లోనే ఉంది. ఎక్కిందగ్గర్నుంచి మిమ్మల్నే తిడుతోంది."

"తిట్టనీ. ఎవర్ని తిట్టాలో గుర్తుందిగా" అన్నారు మాస్టారు.