పొద్దు గురించి అడిగిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారు. ఆ మాట నాకు యాకుత్‌పురాలోని ఆమె క్లినిక్‌లోనే తెలిసింది. ఆరు నెలలకోసారి చేయించుకునే థైరాయిడ్ రక్తపరీక్ష రిపోర్టు చేత్తో పట్టుకుని వెళ్ళాను. లోపల నర్సమ్మ ఒక్కతే పాత ఫైళ్ళు సంచుల్లో సర్దుతోంది. నన్ను చూసి పని ఆపింది.

"అక్కా, మీకు ఎవ్వరు చెప్పలేదా? డాక్టరమ్మ పోయి నాలుగు రోజులైంది. నిద్రల్నే పోయిన్రు."

ఎవరు చెప్తారు? ఆమెకు నేను వందల మందిలో ఒక పేషెంటును. వాళ్ళ ఇంటివాళ్ళకు నా పేరు కూడా తెలియదు. నర్సమ్మ నా ఫైలు వెతికి ఇచ్చింది. కాసేపు బల్ల మీద కూర్చున్నాను. డాక్టరమ్మ ముస్లిం. వాళ్ళ పద్ధతిలో చేతులు చాచి దువా చేయడం నాకు రాదు. నాకు వచ్చిన పద్ధతిలో దండం పెట్టుకుని లేచాను.

మాది పాల ఇల్లు. పాతబస్తీ సందులో, ఇంటి వెనక రేకుల కొట్టంలో ఆరు బర్రెలు. అమ్మానాన్నలు పోయేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్ళు నా చేతుల మీద పెరిగారు. చెల్లెళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళారు. తమ్ముడి కుటుంబం పై అంతస్తులో ఉంటుంది. ఇంట్లోనూ వాడలోనూ అందరికీ నేను అక్కను. పాలకొచ్చే ముసలివాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. యాభై దాటాక కూడా నన్ను "బేటీ" అని పిలిచిన మనిషి డాక్టరమ్మ ఒక్కరే.

పదకొండేళ్ళ కిందట మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్ళాను. జుట్టు ఊడుతోంది, ముఖం ఉబ్బింది, వేళ్ళు బిగుసుకుపోయి పాలు పితకలేకపోతున్నాను. ఆమె నా మెడ తడిమి చూసి, రక్తం పరీక్ష చేయించి, థైరాయిడ్ మాత్ర రాశారు.

"రోజు పొద్దున ఖాళీ కడుపుతోని, మంచినీళ్ళతోని ఎయ్యి. గంట దాక ఏం తినకు. చాయ్ గూడ వద్దు. ఆరు వారాలకు మళ్ళ రక్తం చూపియ్యి."

చూపించాను. రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె దిగలేదు. మోతాదు కొంచెం పెంచారు. మళ్ళీ ఆరు వారాలు. మళ్ళీ అంతే. ఏడాది పైగా ఇలాగే సాగింది. వెళ్ళినప్పుడల్లా "ఖాళీ కడుపుతోనే ఏస్తున్నవా?" అని అడిగేవారు. "ఖాళీ కడుపుతోనే డాక్టరమ్మా" అనేదాన్ని. కొట్టంలో వంగితే గోడ పట్టుకోకుండా లేవలేకపోయేదాన్ని. తమ్ముడు బర్రెలు అమ్మేద్దామన్నాడు. అవి పోతే నాలుగింటికి లేవడానికి నాకు కారణం ఉండదు. ఆ మాట వాడికి చెప్పలేదు.

చివరికి ఓపిక లేక, నా అంతట నేనే రోజూ రెండు మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టాను. పది రోజులకు గుండె దడ పట్టుకుంది. పరుగున ఆమె దగ్గరికి వెళ్ళాను.

"రెండు ఎయ్యమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. నేనే ఏసుకున్న."

"మంచిది. రేపటి సంది నువ్వు ఈ కుర్చీల కూసో. నేను పోయి నీ బర్రెల పాలు పిండుతా."

"మా బర్రె తంతది డాక్టరమ్మా."

"నా పేషెంట్ల కన్న ఎక్కువ తంతదా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. నాడి చూసి, నా చెయ్యి వదలకుండానే కలం పక్కన పెట్టారు. "లేచిన కాడికెల్లి ఏమేం చేస్తవో చెప్పు బేటీ. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకు" అన్నారు.

చెప్పాను. నాలుగింటికి లేస్తాను. స్నానం. కొట్టం. మొదటి బర్రె పాలు చిన్న ఇత్తడి గిన్నెలో పట్టి, పటికబెల్లం వేసి దేవుడి ముందు పెడతాను. దండం పెట్టుకుని ఆ పాలతో మాత్ర మింగుతాను.

"పాలతోనా!"

"పాలు కాదమ్మా. ప్రసాదం."

మా ఇంటి ఆనవాయితీ అది. తొలిపాలు దేవుడికి పెట్టి, ఇంటిపెద్ద తాగాకే బయటివాళ్ళకు పోస్తాం. నాన్న తర్వాత ఆ పాలు నావయ్యాయి. ఒక్కపొద్దు ఉన్న రోజు కూడా తాగుతాను. ప్రసాదాన్ని తిండి లెక్కలో వేయడం నాకెన్నడూ తోచలేదు. పైగా దానితో వేసుకుంటే మందు ఇంకా బాగా పనిచేస్తుందనుకున్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి నవ్వడం మొదలుపెట్టారు. "మావోళ్ళు గూడ రంజాన్ల గిట్లనే. తెల్లారకముందు సహరీల రొట్టె, చాయ్, గోలీ అన్ని ఒక్కసారే. అడిగితే ఖాళీ కడుపే అంటరు." నవ్వు ఆగాక గొంతు తగ్గించి అన్నారు: "గలతీ నాదే. నీ కడుపు గురించి అడిగిన. నీ పొద్దు గురించి అడగలే."

ప్రసాదం మానమంటారేమోనని భయపడ్డాను. మానమనలేదు. పాలు ఆ మందును ఒంటికి పట్టనివ్వవని వివరించారు. "లేవంగనే నీళ్ళతోని గోలీ ఎయ్యి. మీ దేవునికి పెట్టే టైంకు పెట్టు. నువ్వు మాత్రం గంట నిండినంక తాగు. ఆయన ఏమన్న అంటే నా పేరు చెప్పు" అన్నారు. పెంచిన మోతాదు తగ్గించారు. తర్వాతి రెండు పరీక్షల్లో అంకె దారికొచ్చింది. వేళ్ళు వదులయ్యాయి. బర్రెలు మా కొట్టంలోనే ఉన్నాయి.

అప్పటినుంచి ఆమెకొక అలవాటయింది. రిపోర్టు ఇవ్వగానే బోర్లా పెట్టేవారు. ముందు పొద్దు చెప్పమనేవారు, తర్వాతే కాగితం తిప్పేవారు. "ఇది రక్తం తీసినప్పటి సంగతి చెప్తది. ఇంట్ల సంగతి నువ్వే చెప్పాలె" అనేవారు. ఆమె కూడా అదే మాత్ర వేసుకునేవారట. "చాయ్ ముందల పెట్టుకోని గడియారం దిక్కు జూస్తా. మస్తు కోపమొస్తది" అని ఒకసారి చెప్పారు.

ఇంకోసారి ఉన్నట్టుండి, "దినాం ఎవరితోనన్న మాట్లాడుతవా?" అని అడిగారు.

"బర్రెలతోని."

"జవాబిస్తయా?"

"అడ్డం చెప్పవు."

ఆమె ఫైల్లో ఏదో రాసుకున్నారు. నర్సమ్మ ఫైలు ఇచ్చిన రోజు ఇంటికొచ్చాక ఆ పేజీ వెతికాను. ఉర్దూలో ఉంది. ఎవరిచేతా చదివించలేదు.

ఆ రోజు చేతిలో ఉన్న రిపోర్టు అలాగే ఉండిపోయింది. వారం తర్వాత మరదలు నన్ను వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. యువ డాక్టరు. మర్యాదస్తుడే. కాగితం చూసి, "టీఎస్‌హెచ్ పెరిగిందమ్మా. డోస్ పెంచుతున్నా" అని రాసిచ్చాడు. లేచి తలుపు దాకా వెళ్ళాను. ఒకరిని ఆపి మాట్లాడడం నాకు అలవాటు లేదు. కానీ ఆ మాత్రలు మొదలుపెడితే మళ్ళీ ఆ పాత ఏడాదిలోకే వెళ్తాను. వెనక్కి తిరిగాను.

"బాబూ, నా పొద్దు గురించి అడగరా?"

"ఏంటమ్మా?"

"లేచిన కాడికెల్లి చెప్తా. జెర వినుండ్రి."

బయట వరుసలో జనం ఉన్నారు. అతను కూర్చోమన్నాడు. మొదలుపెట్టాను. నాలుగింటికి లేస్తాను, గోలీల డబ్బా తెరుస్తాను, నీళ్ళతోని రెండు గోలీలు వేసుకుంటాను. అక్కడ నా మాట నాకే వినబడి ఆగిపోయాను.

"రెండా?" అన్నాడు.

రెండు నెలలుగా మోకాళ్ళ నొప్పికి క్యాల్షియం వాడుతున్నాను. మరచిపోకుండా ఉంటానని మరదలు రెండూ ఒకే డబ్బాలో పెట్టింది. పక్కనే ఉన్న ఆమె "అయ్యో వదినా" అంది. డాక్టరు తాను రాసిన వరుస కొట్టేశాడు. క్యాల్షియం కూడా పాలలాగే ఆ మందును ఒంటికి పట్టనివ్వదని, అది రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని, థైరాయిడ్ మోతాదు ఉన్నదే ఉంచి ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించమని అన్నాడు. "మంచిదైంది, చెప్పారు" అన్నాడు. చెప్పడం నాకు ఎవరు నేర్పారో అతను అడగలేదు.

ఆరు వారాలు ఇంకా నిండలేదు. లేవగానే నీళ్ళతో ఒక్క మాత్ర వేసుకుంటాను. పాలు దేవుడి ముందు పెట్టి, గంట నిండేదాకా వాకిట్లో కూర్చుని జపం చేసుకుంటాను. ఐదు కాకముందే స్టేషన్ వైపు రైలు పోతుంది. పట్టాలు ఇక్కడికి కనిపించవు. రెండు ఇళ్ళ మధ్య సందులోంచి వెలుగుతున్న కిటికీలు మాత్రం ఒకదాని వెంట ఒకటి కదిలిపోతాయి. దాదాపు అన్నీ ఖాళీగానే ఉంటాయి. నిన్న ఒకదానిలో డాక్టరమ్మలాగే కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దావిడ ఎవరో ఇటే చూస్తూ కనిపించింది. నేను చెయ్యెత్తేలోపల రైలు దాటిపోయింది.