తన పుస్తకమే తప్పన్న మా మేడం

పోయిన ఆదివారం పొద్దున తార్నాక నుంచి మా మేడం చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా. చర్చిలో ఆరాధనకి తయారై, చెప్పులు తొడుక్కుందామని కుర్చీలో కూర్చుంది. అంతే" అన్నారు. ఆ వెంటనే ఆవిడే, "ఏదన్నా తిని బయల్దేరు. ఖాళీ కడుపుతో వస్తే అక్క ఊరుకోదు" అన్నారు. పోయిన మనిషి గురించి "ఊరుకోదు" అన్న ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. యూనివర్సిటీలో మానవశాస్త్రం చెప్పేవారు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, తండ్రి బడిపంతులు. ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి, పెళ్ళి ఊసెత్తకుండా, భర్త పోయిన చెల్లెల్ని తెచ్చుకుని తార్నాకలోనే ఉండిపోయారు. పాటలు, వంటలు, మాటలు, మొక్కులు ఒకరి నుంచి ఒకరికి ఎలా అందుతాయి, దారిలో ఏం మారతాయి, ఏవి నిలుస్తాయి, ఏవి రాలిపోతాయి అన్నదే ఆవిడ జీవితమంతా పట్టుకున్న విషయం. దాన్ని సాంస్కృతిక పరిణామం అంటారని మొదటి క్లాసులో బోర్డు మీద రాసి, వెంటనే చెరిపేశారు. "పేరు పెద్దదిలే, భయపడకండి. ఆచారం అంటే రాయి కాదర్రా, ఊరగాయ. చెయ్యి మారితే రుచి మారుద్ది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికెళ్ళిందో కనుక్కోవడమే మన పని" అన్నారు.

తార్నాక నుంచి డిపార్ట్‌మెంటుకు క్యాంపస్‌లోంచి నడిచే వచ్చేవారు. ఎండైనా వానైనా నల్లగొడుగు ఉండాల్సిందే. దారిలో ఏ విద్యార్థి కనబడినా గొడుగు కిందికి లాక్కుని, "మీ ఇంట్లో పప్పుచారులో బెల్లం వేస్తారా?" లాంటి ప్రశ్న ఒకటి అడిగేవారు. సదస్సుల్లో ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని కళ్ళు మూసుకునేవారు. కొత్తగా వచ్చిన వక్తలు ఆవిడ నిద్రపోతున్నారనుకుని నిశ్చింతగా ఉండేవారు. ప్రసంగం అయ్యాక ఆవిడ కళ్ళు తెరిచి మెల్లిగా ప్రశ్న వేస్తే, ఆ నిశ్చింత కాస్తా ఎగిరిపోయేది. "నాకు తెలీదు" అని మాత్రం ఎంతో హాయిగా అనేవారు. "తెలీదనడానికి సిగ్గుపడితే ఈ చదువు మనకెందుకే?" అని మమ్మల్ని కోప్పడేవారు.

మాది లాలాపేట్. మా నాన్న నల్గొండ పక్క పల్లెలో వ్యవసాయం మానుకుని వచ్చి కార్ఖానాలో చేరాడు. క్లాసులో నేను నోరు తెరిస్తే చాలు, నా యాసకు కొందరు నవ్వేవారు. నేను పుస్తకాల్లో మాదిరి మాట్లాడ్డం మొదలుపెట్టాను. మేడం అది గమనించి ఒకరోజు ఆపారు. "నీ మాట మార్చుకోకే పిల్లా. నేనడిగితే చెప్పనివాళ్ళు నువ్వడిగితే చెబుతారు. అది నీ చేతిలో ఉన్న తాళంచెవి" అన్నారు. జాలిపడి అనలేదు. పనికొచ్చే వస్తువును పారేయొద్దన్నట్టు అన్నారు.

ఆవిడ పేరు తెచ్చుకున్నది జోలపాటల మీద రాసిన పుస్తకంతో. వాళ్ళ అమ్మ పోయిన మరుసటి ఏడు మొదలుపెట్టారట. జోలపాట తల్లి నుంచి కూతురికే వెళ్తుంది, అందుకే అన్నిటికంటే తక్కువగా మారుతుంది అన్నది అందులో సారం. చాలా చోట్ల దాన్ని పాఠంగా చెప్పేవారు. తొంభైల మొదట్లో నేను ఆవిడ దగ్గర పరిశోధనకు చేరినప్పుడు, పల్లెల నుంచి నగరానికి వచ్చిన తల్లులు ఏ జోలలు పాడుతున్నారో చూడమన్నారు.

లాలాపేట్‌లో, సీతాఫల్‌మండిలో ఇల్లిల్లూ తిరిగాను. ఎక్కువమంది తల్లులు పాడుతున్నది వాళ్ళ అమ్మల పాట కానే కాదు. ఆఖరికి మా అమ్మనే అడిగాను.

"మీ అమ్మమ్మ దగ్గర నేర్చుకునుడా? ఆమె ఊర్ల ఉన్నది, నేను గీడ ఉన్న. నువ్వు పుట్టినప్పుడు నాకేం తెల్వది. ఒక్కతీరుగ ఏడుస్తుంటే పక్కింటి టీచరమ్మ వచ్చి ఎత్తుకున్నది. ఆమె పాడితే పండుకున్నవు. ఇగ గదే నేర్చుకున్న" అంది అమ్మ.

పక్కింటి టీచరమ్మది బందరు. ఆవిడ పాటలో ఏసయ్య ఉన్నచోట మా అమ్మ మల్లన్నను పెట్టుకుంది. రాగం మాత్రం అదే.

ఈ సంగతి మేడంకు ఎలా చెప్పాలో తెలియక, సదస్సుకు రాసిన పేపరు చివర "ఇంకా పరిశీలించవలసి ఉంది" అని రాసి ఇచ్చాను. ఆవిడ చదివి కళ్ళజోడు తీశారు.

"వంటంతా చేసి వడ్డించకుండా మూతపెట్టావేంటే?"

"మీ పుస్తకానికి ఎదురు పోతున్నది మేడం."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. చివరికి, "మీ అమ్మ ఇప్పటికీ పాడుద్దా? నేనొస్తే వినిపిస్తుందా?" అన్నారు.

ఆ సాయంత్రమే ఆటోలో మా ఇంటికి వచ్చారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గింత పెద్ద మేడం ముందట నేనేం పాడుత?" అని సిగ్గుపడింది. మేడం చాప మీద చతికిలబడి, "నేను పెద్దదాన్నయితే నాకు జోలెవరు పాడతారమ్మా? చిన్నపిల్లననుకో" అన్నారు. అమ్మ నవ్వి, గోడవైపు తిరిగి పాడింది. మేడం ఎప్పట్లాగే కళ్ళు మూసుకున్నారు. రెండో చరణానికి ఆవిడ గొంతు కూడా సన్నగా కలిసింది. అంతలోనే ఆగిపోయింది. చూస్తే కళ్ళ వెంబడి నీళ్ళు.

"ఇది మా అమ్మ రాగమమ్మా" అన్నారు. "మా అమ్మ నాకిచ్చింది, నాతోనే పోద్ది అనుకున్నాను."

మా అమ్మకు ఆ పుస్తకం గొడవ తెలియదు. "ఎందుకు పోతది మేడం? నా బిడ్డకు సుత వచ్చు" అంది. మేడం ఏడుస్తూనే నవ్వారు. లేచేటప్పుడు నాతో, "సదస్సులో ఇదంతా చెప్పాలి. మూత తీసి చెప్పాలి" అన్నారు.

ఆ ఏడు క్యాంపస్‌లో ఆ సదస్సు జరిపించింది ఆవిడే. దేశం నలుమూలల నుంచి పండితులు వచ్చారు. భోజనాలయ్యాక నా వంతు. మొత్తం చెప్పాను. అధ్యక్షత వహించిన పెద్దాయన కోస్తా నుంచి వచ్చిన ఆచార్యులు. మైకు ముందుకు వంగి, "అమ్మాయీ, మీ గైడుగారి పుస్తకం చదివావా? పాట తల్లి నుంచే వస్తుందని ఆవిడ ఎప్పుడో నిరూపించారు. నాలుగు వీధులు తిరిగి దాన్ని కొట్టేస్తావా?" అన్నారు. హాల్లో నవ్వులు.

వెనక వరస నుంచి మేడం లేచారు.

"చదివిందండీ. శుభ్రంగా చదివింది. ఆ పుస్తకం తప్పు."

నవ్వులు ఆగిపోయాయి. "మీరు శిష్యురాలి మీద అభిమానంతో అంటున్నారు" అన్నారాయన.

"అభిమానం ఉంది. అది వేరే సంగతి. నేను తిరిగిన ఊళ్ళల్లో పుట్టిల్లూ అత్తిల్లూ పక్కపక్కనే. తల్లి అందుబాటులో ఉంది కాబట్టి పాట తల్లి దగ్గర దొరికింది. తల్లి దూరమైతే బిడ్డనెవరు ఊరుకోబెడతారని అడగాలని నాకు తోచలేదండి. ఈ పిల్లకి తోచింది."

"మరి ఆ పుస్తకాన్ని మేమేం చెయ్యాలి?"

"పాఠం చెప్పండి. ఎక్కడ తప్పిపోయానో అది కూడా చెప్పండి."

ఆయన నా వైపు తిరిగి, "మీ అమ్మగారి పాట రాగం మళ్ళీ వినిపిస్తావా అమ్మా?" అన్నారు, ఈసారి మామూలు గొంతుతో.

అంతా సుఖంగా ముగిసిందని చెప్పను. అచ్చుకు సిద్ధమైన ఆ పుస్తకం కొత్త కూర్పును మేడం ఆపించేశారు. ఈ వయసులో పేరు చెడగొట్టుకుందని డిపార్ట్‌మెంటులో చెవులు కొరుక్కున్నారు. కొన్ని సదస్సులకు పిలుపులు రావడం మానేశాయి. ఒకసారి ఉండబట్టలేక, "బాధ అనిపిస్తలేదా మేడం?" అని అడిగాను. "ఎందుకనిపించదే? నేను మనిషిని కాదూ?" అన్నారు. కాసేపటికి, "పద, ముషీరాబాద్‌లో ఎవరో ముసలామె ఉందన్నావుగా" అని చెప్పులు వేసుకున్నారు.

అలా రిటైరయ్యాక కూడా టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని నాతో గల్లీలు తిరిగారు. ఎక్కడికెళ్ళినా ముందు చంటిదాన్ని ఎత్తుకోవడం, తర్వాతే ప్రశ్నలు. నేను కాలేజీలో లెక్చరర్‌నయ్యాక, "ఇక నీ క్లాసులో పిల్లలు నిన్ను తప్పుపట్టాలి. పట్టనిస్తావా?" అని అడిగారు. పట్టనిస్తానన్నాను. ఇప్పటిదాకా ఆ మాట నిలుపుకుంటూ వచ్చాను. మేడం తన పుస్తకాన్ని మొదటి నుంచీ తిరగరాశారు. కిందటేడు అచ్చయింది. ముందుమాటలో మొట్టమొదటి కృతజ్ఞత లాలాపేట్‌లో ఒక తల్లికి. మా అమ్మకు చదవడం రాదు. ఆ పేజీ ఎక్కడుందో మాత్రం తెలుసు.

సమాధి కార్యక్రమానికి అమ్మా నేనూ కలిసే వెళ్ళాం. మట్టి వేసేటప్పుడు అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆ కోస్తా ఆచార్యులు కూడా రాత్రంతా రైల్లో ప్రయాణించి వచ్చి, అందరికంటే చివర ఒక్కరే నిలబడి ఉన్నారు.

నేను ఆవిడను ఆఖరుసారి చూసింది ఈ నెల మొదట్లో. పనిమీద తార్నాక వెళ్ళి, చెప్పకుండానే వాళ్ళ ఇంటికి నడిచాను. మేడం వరండాలో ఎండపొడలో కూర్చుని ఉన్నారు. చెవులకు హెడ్‌ఫోన్లు, ఒళ్ళో టేప్‌రికార్డర్, కళ్ళు మూసి ఉన్నాయి. కుడిచెయ్యి మోకాలి మీద మెత్తగా, ఆగి ఆగి తడుతోంది. ఏ తల్లి పాట వింటున్నారో తెలియదు. టేపు మధ్యలో ఎక్కడో పాప ఏడ్చి ఉంటుంది, చెయ్యి తట్టడం ఆపి కొంచెం నవ్వి, మళ్ళీ తట్టడం మొదలుపెట్టారు. నేను గేటు తీయకుండా అలాగే నిలబడ్డాను.