మంచాలు తరలివచ్చిన మీటింగు

తెలుగు రాష్ట్రం సరిహద్దు దాటగానే వచ్చే తర్లగూడలో నా చేతుల మీదుగా ఒక మీటింగు జరిగింది. దాన్ని మీటింగు అని పిలిచేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పూట రోడ్డు మీద వెళ్తూ చూసిన లారీ డ్రైవరు బండి ఆపి, ఇది ఏ దేవుడి జాతర అని అడిగాడు. పంచాయతీ సచివ్, అంటే అక్కడి కార్యదర్శి, ఏదో అంటురోగం వచ్చిందనుకుని ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. నా పరిశోధనకు గైడైన మా మేడమ్ ఏమనుకున్నారో ఈనాటికీ బయటపెట్టలేదు. ఆవిడది పెద్ద మనసు. మంచి ఉద్దేశమూ, మంచి చదువూ, ఇస్త్రీ చొక్కా ఉన్న మనిషి ఎంత గందరగోళం చేయగలడో తెలుసుకోవాలని ఉంటే చదవండి. నవ్వడానికి నా అనుమతి అక్కర్లేదు. నేనూ నవ్వుతూనే రాస్తున్నాను, కాకపోతే కాస్త తల దించుకుని.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కిరండూల్ లైన్లో రైల్వే ఉద్యోగం చేశాడు. నేను ఆ క్వార్టర్లలోనే పెరిగి, నర్సింగ్ చదివి, ఇంకా చదివి, ఇక చదవడానికేం మిగల్లేదనుకునే సమయానికి పరిశోధన చేయమన్నారు. మంచం పట్టిన పెద్దవాళ్ళనీ, షుగరూ పక్షవాతమూ లాంటి వదలని జబ్బులవాళ్ళనీ ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళ కష్టం గురించి నా పరిశోధన. రోగిని అందరూ పలకరిస్తారు, రోగి పక్కన నిలబడ్డ మనిషిని ఎవరూ పలకరించరు. ఈ మాట నేను ఎంత అందంగా చెప్పేవాణ్ణంటే, చెప్పినప్పుడల్లా నాకు నేనే చప్పట్లు కొట్టుకోవాలనిపించేది.

తర్లగూడలో నేను మొదట వెళ్ళింది ముత్యాలమ్మ ఇంటికి. ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నోరు మాత్రం రెండు పక్కలా బ్రహ్మాండంగా పనిచేసేది. ఆమెను చూసుకునేది కోడలు సమ్మక్క. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ముత్యాలమ్మ నా వెనక వీధిలోకి తొంగిచూసింది.

"నర్సమ్మ రాలేదా బిడ్డా?"

"నేనే నర్సును, అవ్వా."

ఆమె నా మీసాన్ని కొంతసేపు పరీక్షించింది. "మొగ నర్సమ్మవా? సరే, కూసో. దేవుడు ఎవరికే పని రాసిండో ఎవరికెరుక."

ఆ పేరు సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఊళ్ళో నా అసలు పేరు ఎవరికీ తెలియదు, ఇప్పటికీ.

సమ్మక్కను ప్రశ్నలడగడం, పరుగెత్తే బస్సుతో మాట్లాడడం లాంటిది. సగం జవాబు గుమ్మంలో చెప్పి మిగతా సగం పొయ్యి దగ్గర చెప్పేది. మధ్యలో లోపలి నుంచి "ఓ సమ్మీ" అని కేక వినబడేది. దాహమని ఒకసారి, ఒత్తిగిలించమని ఒకసారి, ఏమీ లేదు, నువ్వున్నవో లేవో చూస్తున్న అని ఒకసారి. రాత్రి ఎన్నిసార్లు నిద్ర లేస్తారని అడిగితే ఆమె నా వైపు వింతగా చూసింది. "లేసుడేంది సారు? పండుకుంటె గద లేసేది."

అత్త ఆమెను తప్ప ఇంకెవరినీ ముట్టుకోనివ్వదట. పక్కింటావిడ ఒకసారి నీళ్ళు తాపబోతే గ్లాసు తోసేసిందట. అందుకని సమ్మక్క పుట్టింటికి వెళ్ళడం మానేసింది, సంతకు వెళ్ళడం మానేసింది. ఏటి దాకా వెళ్ళినా వెనక్కి చూసుకుంటూ వెళ్ళేది. కళ్ళ కింద ఆ నలుపు చూసి నాలోని పరిశోధకుడికి ఉద్వేగం వచ్చింది. వచ్చిందే తడవుగా ఒక ఆలోచన కూడా వచ్చింది. నాకు ఉద్వేగమూ ఆలోచనా కలిసి వచ్చినప్పుడు చుట్టుపక్కలవాళ్ళు జాగ్రత్తపడాలని ఇప్పుడు తెలిసింది.

ఇలాంటివాళ్ళందరినీ ఒకచోట చేర్చి విశ్రాంతి ఎంత అవసరమో చెప్తాను. జగ్దల్‌పూర్ నుంచి మేడమ్‌ను పిలుస్తాను. అదీ ఆలోచన.

"బుధవారం మధ్యాహ్నం పంచాయత్ భవన్ దగ్గరికి రండి" అన్నాను సమ్మక్కతో. "ఆ పూటంతా మీకు ఏ పనీ ఉండదు. కూర్చోవడం, వినడం. అంతే."

ఆమె చేతిలో గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. "నిజంగనే ఏ పనుండదా సారు?"

సముద్రం నిజంగానే ఉంటుందా అని అడిగినట్టు అడిగింది. నేను గుండె మీద చెయ్యి వేసుకుని, పూచీ నాది అన్నాను. ఆ చెయ్యి ఇప్పటికీ నన్ను సూటిగా చూడదు.

కబురు చెప్పే పని పద్మకు అప్పగించాను. పద్మ ఆ ఊరి మితానిన్, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం సంగతి చూసే మనిషి. ఊళ్ళో తెలుగువాళ్ళకు తెలుగులో, దోర్ల గిరిజనులకు వాళ్ళ దోర్లీలో, సచివ్‌కు హిందీలో ఒకే ఊపిరిలో చెప్పగలదు. నేను గంభీరంగా అన్నాను: "చూసుకునేవాళ్ళంతా తప్పకుండా రావాలి. పని ఉందని ఏ ఒక్కరూ ఇంట్లో ఉండిపోకూడదు."

"సరే సార్. మరి అందరొస్తె ముసలోళ్ళను ఎవరు చూస్తరు?"

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నేను ఆగలేదు కాబట్టి మీరైనా ఆగండి. ఆ ప్రశ్న అంత స్పష్టంగా, అంత మర్యాదగా నా ముందుకు వచ్చి నిలబడింది. నేను దాని భుజం తట్టి పక్కకు పంపేశాను.

"అదే మీటింగులో వివరంగా చెప్తాను" అన్నాను.

బుధవారం వచ్చింది. పంచాయత్ భవన్ ముందు చింతచెట్ల నీడలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేయించాను. గోడకు ఒక పెద్ద కాగితం అంటించి దాని మీద 'మీ కోసం కొంచెం సమయం' అని రాయించాను. అక్షరాలు ఎర్రగా, గుండ్రంగా బాగా కుదిరాయి. మైకు పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ రాలేదు. చాలాసేపటికి రోడ్డు మలుపులో ఒక మంచం కనిపించింది.

నులకమంచం. నలుగురు మోస్తున్నారు. మంచం మీద దుప్పటి కప్పుకున్న మనిషి. పాపం ఎవరో పోయారు, మీటింగు మొదలయ్యే ముందు రెండు నిమిషాలు మౌనం పాటిద్దామనుకుంటున్నాను. ఈలోగా దుప్పటిలోంచి "మెల్లగ నడువుండ్రి, ఎముకలు కదుల్తున్నయి" అని వినబడింది. ముత్యాలమ్మ గొంతు. మోసేవాళ్ళలో ముగ్గురు మగవాళ్ళు. నాలుగో కోడు కింద సమ్మక్క భుజం.

ఆ పూట ఏ పనీ ఉండదని నేను పూచీ పడిన సమ్మక్క.

"అందరు రావాలంటిరి గద సారు" అంది ఆమె, చెమట తుడుచుకుంటూ. "ఒక్కదాన్నే ఎట్ల ఇడిసిపెట్టొస్త?"

ఆమె వెనక ఊరంతా ఉంది. ఒకతను తండ్రిని సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టి, పడిపోకుండా తుండుగుడ్డతో తన నడుముకు కట్టుకుని తోసుకొస్తున్నాడు. ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి, కదల్లేని ముసలివాళ్ళను బస్తాల్లా ఆనించి కూర్చోబెట్టారు. ఒక ముసలాయన కళ్ళు కనబడని భార్యను చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నాడు, రాయి వచ్చినచోటల్లా రాయి అని చెప్తూ. వీళ్ళ వెనక ఇంకో మంచం. దాని వెనక ఇంకోటి. లారీ డ్రైవరు జాతర అనుకున్నది అప్పుడే. దేవుళ్ళను మోసుకొస్తున్నట్టే ఉంది మరి.

పద్మ మంచాలకు నీడ చూపించడానికి ముందుకు నడిచింది. నేను ముందే అడగలేదా సార్ అని అననందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

మంచాలు నీడను ఆక్రమించాయి. కుర్చీల్లో రోగులు కూర్చున్నారు. ఎవరికోసం మీటింగో వాళ్ళంతా ఎండలో నిలబడ్డారు. నేను మాత్రం పట్టు వదల్లేదు. మైకు అందుకుని, మీరందరూ ముందు హాయిగా కూర్చోండి అన్నాను.

"ఎట్ల కూసోను సారు, ఇడిస్తె పడిపోతడు" అన్నాడు సైకిల్ మనిషి.

విశ్రాంతి శరీరానికి ఎంత అవసరమో చెప్తున్నాను. ఒకామె భర్తకు నీళ్ళు తాపుతోంది. అలసటను తేలిగ్గా తీసుకోకూడదని చెప్తున్నాను. ఇంకొకామె, ఈయనకు ఒంటికి పోవాలె ఎటు పోవాలె సారూ అని అడుగుతోంది. రోజులో కొంత సమయం కేవలం మీ కోసం ఉంచుకోండి అంటున్నాను. సమ్మక్క ఒక చేత్తో అత్తకు విసురుతూ, ఇంకో చేత్తో ఈగల్ని తోలుతూ, నా మాట ఒక్కటీ పోకూడదని కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. ఆ కళ్ళలోకి చూశాక నా మైకులో కరెంటు ఉన్నా నాలో పోయింది.

సరిగ్గా అప్పుడు రెండో మంచం మీది నుంచి ఒక ముసలి గొంతు అడిగింది. "ఆడ ఒర్రేది ముత్యాలేనా?"

ముత్యాలమ్మ తల తిప్పింది. "పెంటీ? నువ్వింక ఉన్నవా?"

"నేనుండుడు కాదు. నువ్వే పోయినవనుకున్న."

"నేను పోతె నీకు చెప్పకుంట పోతనా?"

పెంటమ్మ పై గూడెంలో ఉంటుంది. చిన్నప్పటి నుంచి కలిసి తునికాకు కోసినవాళ్ళు. మంచాన పడ్డాక ఒకరి ముఖం ఒకరు చూడలేదు. మధ్య ఉన్నది నాలుగు వీధులే. కానీ ముసలివాళ్ళకు మందులు తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు, బియ్యం తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు, ముసలివాళ్ళనే తీసుకెళ్ళాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

"నా మంచం దాని పక్కన ఎయ్యిండ్రి" అని ముత్యాలమ్మ ఆజ్ఞాపించింది. వేశారు. తల పక్కన తల. కుర్చీల్లోని ముసలాయనలకు కూడా ఊపు వచ్చింది. తమనూ అక్కడికి జరపమన్నారు. కాసేపట్లో చింతచెట్ల కింద ఎవరి కల్లు ఎవరు దొంగిలించారన్న పాత తగాదా మొదలైంది. ఎవరికీ నీళ్ళు అక్కర్లేదు, ఎవరినీ ఒత్తిగిలించక్కర్లేదు, ఎవరూ ఎవరినీ కేకేయడం లేదు.

నేను మాత్రం మాట్లాడుతూనే ఉన్నాను. నిద్రలేమి లక్షణాల దగ్గరికి వచ్చాను.

"ఓ మొగ నర్సమ్మ. ఇగ ఆపు బిడ్డా నీ పాట" అని ముత్యాలమ్మ మెల్లగా అంది. ఆమె మెల్లగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. "పిల్ల పండుకున్నది."

చూశాను. సమ్మక్క పంచాయత్ భవన్ గోడకు ఆనుకుని, విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. ఆమె తల మీదుగా నేను రాయించిన ఎర్ర అక్షరాలు గాలికి ఊగుతున్నాయి. ఆమె పక్కన ఇంకొకామె. తండ్రిని ఆ ముసలాయనల మధ్య ఆనించి వచ్చిన సైకిల్ మనిషి, సైకిల్‌ను కావలించుకుని. గోడ పొడవునా వరసగా, కోత అయ్యాక పడుకోబెట్టిన కట్టల్లా.

"నేను కన్ను తెరిసినప్పుడల్ల అది మేలుకొనే ఉంటది" అంది ముత్యాలమ్మ, కోడలి వైపే చూస్తూ. "అది పండుకున్నంక ఎట్లుంటదో ఇన్నేండ్లల్ల నేను చూడనే లేదు."

మైకు కట్టేశాను.

ఆ తర్వాత జరిగింది మీటింగు కాదు, గుసగుసల ఆసుపత్రి. అంతమంది రోగులకు నేనూ పద్మా. వాళ్ళు కేకలు వేయడం మానేశారు గానీ పనులు చెప్పడం మానలేదు. అన్నీ గుసగుసగా చెప్పేవారు. ఒకాయన వేలితో పిలిచి నీళ్ళన్నాడు. ఇంకొకాయన కాలు చూపించాడు. నేను చెప్పుల చప్పుడు చేశానని పెంటమ్మ కళ్ళతోనే తిట్టింది. చెప్పులు విడిచి పరిగెత్తాను. ఇస్త్రీ చొక్కా మీద అంబలి పడింది, ఇంకా ఏవేవో పడ్డాయి.

కాసేపటికి ముత్యాలమ్మ ముఖం ఒకలా పెట్టింది. ఒంటికి వెళ్ళాలి. సమ్మక్క వైపు చూసింది, నా వైపు చూసింది. పెదవి బిగించింది. చాలాసేపు ఓర్చుకుంది. నేను సమ్మక్కను లేపడానికి ఒక అడుగు వేశాను.

"దాన్ని లేపితె ఊకోను" అని గుసగుసగా గద్దించింది. తర్వాత కళ్ళు మూసుకుని, ఇంకా మెల్లగా, "రా. నువ్వే రా" అంది.

పద్మ చీర అడ్డం పట్టింది. నేర్చుకున్న విద్యంతా చేతుల్లోకి తెచ్చుకుని ఆమెను ఎత్తాను. ముట్టుకోనిచ్చింది. పని అయ్యాక పొరపాటున పొగుడుతుందేమోనని ఆశపడ్డాను. "మీసం గుచ్చుకున్నది" అంది.

మేడమ్ జీపు వచ్చేసరికి నేను చెప్పుల్లేకుండా, చొక్కా నిండా అంబలితో, చేతిలో ఒంటికి పెట్టే పాత్రతో నిలబడి ఉన్నాను. నా శ్రోతలంతా గోడ పక్కన గురక పెడుతున్నారు. మేడమ్ ఆ వరసను చూసి, మంచాలను చూసి, పాత్రను చూసి, "క్లాసు ఏమైంది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా ముత్యాలమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"అయిపోయిందమ్మా. మస్తు చెప్పిండు. వినుకుంట వినుకుంటనే అందరు పండుకున్నరు."

మేడమ్ చెప్పులు విడిచి, అంబలి గిన్నె అందుకుని ఒక ముసలాయన పక్కన కూర్చున్నారు.

నీడలు పొడుగయ్యాక సమ్మక్క ఉలిక్కిపడి లేచింది. ముందు అత్త మంచం కోసం వెతుక్కుంది. కనబడ్డాక గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో సారు, నేనేమీ వినకపోతినే. ఏం చెప్పిన్రు?"

"పండుకొమ్మని చెప్పిండు. నువ్వు ముందే పండుకున్నవ్, ఇగ ఏం చెప్తడు?" అంది ముత్యాలమ్మ. తర్వాత పెంటమ్మ వైపు తిరిగి అడిగింది. "మళ్ళ బుధవారం వస్తవా?"

తిరుగు ప్రయాణంలో ఆ నాలుగో కోడు కింద భుజం నాది. సమ్మక్క చేతులు ఊపుకుంటూ ముందు నడిచింది. మంచం బరువు నేననుకున్నదాని కంటే ఎక్కువ. ఆ బరువు మీద అన్ని పేజీలు రాసినవాణ్ణి, దాన్ని మోయడం అదే మొదటిసారి.

మా నాయనమ్మ కూడా మంచాన పడే పోయింది. ఆ రోజుల్లో నేను పరీక్షలకు చదువుకుంటున్నాను. అమ్మ ఎప్పుడు పడుకునేదో నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి అదే అడిగాను. "ఏటిరా ఇప్పుడు? జొరమొచ్చిందేటి నీకు?" అంది అమ్మ.

కాబట్టి పాఠకుల సాక్షిగా, చింతచెట్ల సాక్షిగా, నా చొక్కా మీది మరకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నిద్రలేని మనిషికి విశ్రాంతి గురించి ఇక జన్మలో ఉపన్యాసం ఇవ్వను. తప్పనిసరై ఇవ్వవలసి వస్తే ముందు వాళ్ళ మంచం మోస్తాను, తర్వాత మైకు కట్టేస్తాను, ఆ తర్వాతే మొదలుపెడతాను.

మీసం కూడా తీసేశాను.