చీకటి దొరకని పాము

దుబాయ్‌లో ఒక మాల్ పై అంతస్తులో గాజు గోడల మధ్య చిన్న అడవిని పెంచుతారు. కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక నాకు అక్కడ టెక్నీషియన్ పని దొరికింది. ఉష్ణోగ్రత, తేమ, నీటి తుంపర, వెలుతురు: నాలుగూ నా కంప్యూటర్ నుంచే నడిచేవి. జంతువులకు మేత వేసేది నెల్లూరు భాయ్ ఒకాయన.

ఆ ఎండాకాలం ఒక చెట్టుపాము వచ్చింది. దక్షిణ అమెరికా అడవులది. ఒళ్లు బూటు లేసంత సన్నం, పైన మొద్దు తల, ఆ తలలో సగం కళ్లే. దాని విషం బల్లులకు సరిపోతుంది, మనిషిని ఏమీ చేయదు. పగలు ఆకుల్లో చుట్టుకుని పడుకుంటుంది. కదలడం, తినడం చీకట్లోనే.

టికెట్ కొన్నవాళ్లకు దాని గాజు పెట్టె ఖాళీగా కనిపించేది. ఫిర్యాదులు రావడంతో దాని మీద లైటు ఎప్పుడూ వెలగాలని మా మేనేజర్, మేమంతా ముదీర్ అనే ఆయన, ఆదేశించాడు. మాల్ మూశాక శుభ్రం చేసేవాళ్లకూ ఆ లైటే. పాముకు రాత్రన్నది లేకుండా పోయింది. తినడం మానేసింది.

"ఈ పొద్దు గూడా ముట్టలేదబ్బాయా. ఎముకలు తేల్తా ఉండాయి" అన్నాడు భాయ్.

మేముండే లేబర్ క్యాంపులో నైట్ డ్యూటీవాళ్లు కిటికీలకు వెండి రంగు ఫాయిల్ అంటించుకుని పగలు నిద్రపోతారు.

"దీనికీ గట్లనే చేద్దాం భాయ్. పొద్దంతా చీకటి, రాత్రంతా లైటు. జనమున్నప్పుడే తిరుగుతది."

"పాముకి గూడా షిఫ్ట్ మారుస్తావా? ఓటీ అడగబోతాది, చూస్కో!"

మూడు వైపులా నల్ల కాగితం అంటించి టైమర్ తిప్పేశాను. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, మా కళ్లు చీకటికి అలవాటుపడ్డాక చూస్తే, అది తోకను కొమ్మకు చుట్టి, ఆధారం లేని గాలిలోకి తిన్నగా సాగి, అవతలి కొమ్మను అందుకుంది. భాయ్ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. అంతలో ఒక కుటుంబం వచ్చింది. లోపల ఏమీ కనబడక ఫోన్ టార్చ్‌లు వేశారు. పాము ముడుచుకుపోయింది. ఆ తర్వాత రోజూ టార్చ్‌లే.

ముదీర్ వచ్చి చూశాడు. జనం చీకటి చూడ్డానికొస్తారా అని గదమాయించాడు. "లోగ్ అంధేరా దేఖ్‌నే ఆతే హై క్యా? ఖలాస్, లైట్ ఆన్ కరో."

"సర్, ఏక్ హఫ్తా ఔర్..." ఇంకో వారం గడువడిగాను.

"యల్లా!" తొందరగా కానియ్ అన్నట్టు చేయి ఊపాడు.

ఆన్ చేశాను.

ఆఖరి ప్రయత్నంగా భాయ్ బతికున్న బల్లిని లోపల వదిలాడు. అయినా పాము కదల్లేదు. ఒక ఉదయం కొమ్మకు సగం వేలాడుతూ చనిపోయి ఉంది. భాయ్ దాన్ని అరచేతిలోకి తీసుకుని, మిగిలిన నల్ల కాగితంలో చుట్టాడు.

మాల్ తెరిచేసరికి బల్లి లైటు కింద గాజుకు అతుక్కుని ఉంది. పిల్లలు గుమిగూడి దానికి చేతులూపుతున్నారు. ముదీర్ కాసేపు చూసి, "యే అచ్ఛా హై. దిఖ్‌తా తో హై" అన్నాడు. ఇదే నయం, కనీసం కనబడుతోంది కదా అని ఆయన లెక్క. పెట్టె మీద పేరు మార్చమని నాకు చెప్పి వెళ్లిపోయాడు.