సున్నాల వీధి

ఆవిడ అసలు పేరు ఏ వీధిలోనూ ఎవరికీ తెలియదు. అందరూ ప్రశ్నలమ్మ అనే అంటారు. పద్నాలుగేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయడమే ఆవిడ పని. ఏ సబ్బు వాడతారు, ఏ టీవీ చూస్తారు, ఎందుకు చూస్తారు! అడిగీ అడిగీ ఆ జబ్బు ఇంటిదాకా పాకింది. అన్నం వడ్డించి, "కూర ఎలా ఉంది? చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, చెప్పలేను. ఒక్కటే చెప్పండి" అంటుంది. భర్త దర్జీ, పైగా తెలివైనవాడు. ఆనాటి నుంచీ "చెప్పలేను" తప్ప మరో మాట అనలేదు. కాపురం సజావుగా సాగిపోతోంది.

ఈసారి సర్వే దానధర్మాల మీద. జనం ఎంత ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు అని ఓ పరిశోధనా సంస్థ లెక్క తీయిస్తోంది. కొన్ని వీధుల్లో ఆవిడ చేతిలో కాగితాలు చూసి చందాకి వచ్చిందనుకుని, "ఇంట్లో ఎవరూ లేరు" అని లోపలున్నవాళ్లే కేకేసేవారు. మేడలున్న వీధుల్లో మాత్రం తలుపు తీసిన ప్రతివాడూ దానకర్ణుడే. చివరికి ఓ ఇరుకు సందు వచ్చింది. ముప్పై ఇళ్లు. "గడిచిన మూడు నెలల్లో ఎవరికైనా ఏమైనా దానం చేశారా?" అంటే ముప్పై ఇళ్లవాళ్లూ, "మాకంత ఎక్కడిదమ్మా" అన్నారు. ఉన్నదున్నట్టు ముప్పై సున్నాలు చుట్టుకొచ్చింది.

కొత్త సూపర్‌వైజరు ఆ కాగితాలు చూసి కళ్లెర్రజేశాడు.

"ముప్పై ఇళ్లకీ సున్నాలేనా? ఇంట్లో కూర్చుని రాశారా?"

"లేదు సార్, గుమ్మం గుమ్మం ఎక్కి దిగాను."

"రేపు నేనే వచ్చి అడుగుతా. ఒక్క జవాబు మారినా మీకిదే ఆఖరి సర్వే."

ప్రశ్నలమ్మ ఇంటి లెక్క వేసుకుంది. కుట్టుమిషను ఒక్కటే ఇల్లు నడపలేదు. పైగా, పద్నాలుగేళ్లలో ఒక్క దొంగ జవాబు రాయని మనిషిని అంత మాట అంటాడా!

మర్నాడు మొదటి ఇల్లు, రిటైరైన గుమాస్తాది. మొన్న లుంగీలో నిలబడి నిజం చెప్పిన పెద్దమనిషి, ఇవాళ సూపర్‌వైజరు మెరిసే బూట్లు చూడగానే ఛాతీ విరుచుకున్నాడు.

"ఇవ్వకేమండీ! అనాథాశ్రమానికి పదివేలిచ్చాను."

సూపర్‌వైజరు నవ్వుతూ పెన్ను తీశాడు. ఇంతలో లోపల్నుంచి గరిటెతో సహా గుమాస్తా భార్య వచ్చేసింది.

"ఏ అనాథాశ్రమమండీ? నాకు తెలీకుండా మీ దగ్గర పదివేలెక్కడివి?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "అంటే... ఇద్దామనుకున్నానే."

"అనుకున్నవాటికి కాలమ్ లేదండీ" అన్నాడు సూపర్‌వైజరు చిరాగ్గా. "ఇది ఒక్క ఇల్లే. ఇంకా ఇరవై తొమ్మిదున్నాయి, పదండి" అంటూ విసురుగా మెట్లు దిగి మురిక్కాలవ మీది పలక మీద కాలేశాడు. పలక ఒరిగింది. సారుగారు నడుం దాకా కాలవలో ఉన్నారు.

సందంతా పరిగెత్తుకొచ్చింది. వడ్రంగి చంకల కింద చేతులేసి పైకి లాగాడు. గుమాస్తా భార్య బిందెలకి బిందెలు నీళ్లు గుమ్మరించింది. ఎదురింటి డ్రైవరు ఉతికిన చొక్కా, ప్యాంటూ పట్టుకొచ్చాడు. ఎవరో వేడివేడి టీ ఇచ్చారు. చివరింటి ముసలమ్మ, పోయిన ముసలాయన చెప్పులు పెట్టెలోంచి తీసి, దుమ్ము దులిపి, కాళ్ల దగ్గర పెట్టింది. అబద్ధమాడిన గుమాస్తా మాత్రం సారుకి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

డ్యూటీ డ్యూటీయే. ఒకరి బట్టల్లో, ఇంకొకరి చెప్పుల్లో, పరాయి గొడుగు కింద సూపర్‌వైజరు మిగతా ఇళ్లన్నీ తిరిగాడు.

"దానం చేశారా?"

"మాకంత ఎక్కడిది బాబూ."

ముసలమ్మ దగ్గరికొచ్చేసరికి అతనికి ఓపిక చచ్చిపోయింది.

"మరి ఈ చెప్పులు? ఇది దానం కాదా మామ్మగారూ?"

ముసలమ్మకి కోపమొచ్చింది. "దానమేంటయ్యా, నువ్వేమైనా ముష్టివాడివా? కాళ్లకి లేవని ఇచ్చాను. రాళ్లున్నాయి, చూసి నడు."

సూపర్‌వైజరు ప్రశ్నలమ్మ అందించిన కాగితం వంక చూశాడు. ఏ కాలమ్‌లో రాయాలో అతనికి తోచలేదు. పెన్ను కోసం జేబు తడుముకున్నాడు. అది కాలవలో ఉంది. వడ్రంగి చెవి మీది పెన్సిలు ముక్క తీసిచ్చాడు. "ముప్పై ఇళ్లు, ముప్పై సున్నాలు. సరిచూశాను" అని రాసి సంతకం పెట్టాడు.

"నిన్న తప్పుగా మాట్లాడానమ్మా" అన్నాడు తలెత్తకుండానే.

ప్రశ్నలమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఉద్యోగం నిలిచింది, మాటా నిలిచింది.

సూపర్‌వైజరు పెన్సిలు తిరిగివ్వబోయాడు.

"ఉంచుకోండి సార్" అన్నాడు వడ్రంగి. "పై వీధిలో కూడా రాసుకోవాలిగా."